కీవర్డ్ మ్యాచింగ్: ఆవకాయ కొనేవారు, ఆవకాయ పెట్టేవారు

నమస్కారం. ఈ రోజు గూగుల్ యాడ్స్‌లో కీవర్డ్ మ్యాచింగ్ చూద్దాం, అంటే మనం ఇచ్చిన మాటలకు (కీవర్డ్స్‌కు) జనం వెతికే మాటలు ఎంత దగ్గరగా ఉంటే మన యాడ్ చూపించాలో చెప్పడం. స్క్రీన్ మీద ఉన్నది పచ్చళ్లు ఆన్‌లైన్‌లో అమ్మే దుకాణం కోసం తయారు చేసిన నమూనా అకౌంట్. బడ్జెట్ పెట్టే క్యాంపెయిన్ ఉంది, దాని లోపల యాడ్లు, కీవర్డ్స్ ఉండే యాడ్ గ్రూప్ ఉంది, యాడ్ కూడా రాసి ఉంది. అవి మీకు తెలిసినవే కాబట్టి నేరుగా కీవర్డ్స్ పేజీకి వెళ్తున్నాను.

ప్లస్ బటన్ నొక్కాను. ఈ పెట్టెలో ఆవకాయ పచ్చడి అని రాస్తున్నాను. చుట్టూ ఏ గుర్తూ లేదు చూడండి, అంటే బ్రాడ్ మ్యాచ్. కింద మళ్లీ అవే మాటలు, రెండు వైపులా డబుల్ కోట్స్, ఇది ఫ్రేజ్. ఇంకో వరుస, చదరపు బ్రాకెట్లు, ఇది ఎగ్జాక్ట్. సేవ్. అయిపోయింది.

పాత వీడియోల్లో మాట ముందు ప్లస్ గుర్తు పెట్టడం చూసి ఉంటారు. ఆ పద్ధతి 2021లో పోయింది, ఫ్రేజ్ మ్యాచ్‌లో కలిసిపోయింది. ఇప్పుడు పెట్టనవసరం లేదు.

ఎగ్జాక్ట్ అన్నారు కదా అని అక్షరం పొల్లుపోకుండా కలవాలని అనుకోకండి. 2014 నుంచి బహువచనాలు, అక్షరదోషాలు అన్ని అకౌంట్లకూ కలిపేశారు. 2017లో మాటల వరుస మారినా ఫరవాలేదన్నారు. 2018లో వెతికేవారి ఉద్దేశం ఒకటైతే చాలన్నారు. ఫ్రేజ్ అయితే మీ కీవర్డ్ అర్థం ఆ వెతుకులాటలో ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, 'గుంటూరు ఆవకాయ పచ్చడి కిలో ధర' అన్నా వస్తుంది. బ్రాడ్ ఇంకా దూరం వెళ్తుంది, 'నిల్వ పచ్చళ్లు' అన్నవారికీ చూపించవచ్చు. మీ వెబ్ పేజీలో ఏముంది, ఆ మనిషి ఈ మధ్య ఏమి వెతికారు, ఇవి కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆర్డర్ల లెక్క అకౌంట్‌లోకి సరిగ్గా చేరేవరకు నేను బ్రాడ్ జోలికి వెళ్లను. చిన్న బడ్జెట్ అయితే అసలు వెళ్లను.

ఇప్పుడు అసలు పని. ఎడమవైపు ఇన్‌సైట్స్ అండ్ రిపోర్ట్స్, అందులో సెర్చ్ టర్మ్స్. మనం ఇచ్చినవి కీవర్డ్స్, జనం నిజంగా టైప్ చేసినవి ఇవి. అన్నీ కనిపించవు, మరీ తక్కువమంది వెతికినవి ఇక్కడికి రావు. పైన కాలమ్స్‌లోకి వెళ్లి కీవర్డ్ అనే కాలమ్ కలుపుకోండి. ఏ మాట మీ ఏ కీవర్డ్ ద్వారా లోపలికి వచ్చిందో పక్కపక్కనే కనిపిస్తుంది. ఈ కాలమ్ లేకుండా నేను ఈ రిపోర్టు చదవను.

ఈ వరుస చూడండి. 'ఆవకాయ పచ్చడి తయారీ విధానం'. ఈయన కొనడానికి రాలేదు, ఇంట్లో పెట్టుకోవడానికి వచ్చారు. క్లిక్కు డబ్బు మాత్రం మనదే. టిక్ పెట్టి, యాడ్ యాజ్ నెగటివ్ కీవర్డ్ నొక్కుతున్నాను. నెగటివ్ అంటే ఈ మాటలతో వెతికితే మన యాడ్ చూపించవద్దని చెప్పడం. ఇక్కడ ఆగండి. సేవ్ నొక్కకండి.

మాట చుట్టూ బ్రాకెట్లు వచ్చాయి చూశారా? ఈ రిపోర్టు నుంచి కలిపితే మొదట ఎగ్జాక్ట్‌గానే వస్తుంది. అలాగే సేవ్ చేస్తే ఈ ఒక్క వాక్యం ఆగుతుంది. రేపు 'ఆవకాయ తయారీ' అని వస్తారు, అది ఆగదు. సరే, బ్రాకెట్లు తీసేసి, అంటే బ్రాడ్ చేసి, తయారీ విధానం అని ఉంచుదాం. అప్పుడైనా 'ఆవకాయ తయారీ' ఆగుతుందా? ఆగదు. నెగటివ్ బ్రాడ్‌లో మీరిచ్చిన మాటలన్నీ ఆ వెతుకులాటలో ఉండాలి. రెండిచ్చారు, అక్కడ ఒకటే ఉంది, కాబట్టి యాడ్ ఆగకుండా కనిపిస్తుంది. అందుకే తయారీ అన్న ఒక్క మాటే ఉంచుతున్నాను. ఒక్క మాట.

మళ్లీ చెబుతున్నాను, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మామూలు కీవర్డ్ అర్థం చూసి విస్తరిస్తుంది, నెగటివ్ విస్తరించదు. అక్షరదోషాలను 2024 నుంచి పట్టుకుంటోంది, అంతవరకే. పర్యాయపదాలు పట్టుకోదు, బహువచనం పట్టుకోదు. రెసిపీ ఇస్తే రెసిపీలు ఆగదు. మన భాషలో ఒక మాట ఎన్ని రూపాలు తీసుకుంటుందో చూడండి: తయారీ, తయారు, చేయడం, చేసే, పెట్టడం, పెట్టే, ఎలా. ఇవన్నీ విడివిడిగా, ఒక్కో వరుసలో ఒక్కోటి ఇవ్వాలి. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసేవారు బోలెడుమంది, వారి కోసం అదే పట్టిక ఆ అక్షరాల్లోనూ రాయాలి. దోషాలు పట్టుకుంటుంది కదా అని వీటిని దానికి వదిలేయకండి.

ఇంత పెద్ద పట్టిక ఈ చిన్న పెట్టెలో నేను టైప్ చేయను. గూగుల్ యాడ్స్ ఎడిటర్ ఉచితంగా దొరుకుతుంది, కంప్యూటర్‌లో వేసుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో మాటలు రాసుకుని ఒక్కసారే అందులో పేస్ట్ చేయవచ్చు. ఒకటికి మించి క్యాంపెయిన్లు ఉంటే వాటన్నిటికీ వాడుకునే షేర్డ్ నెగటివ్ లిస్టు తయారు చేయండి, ఒక్కో లిస్టులో 5,000 మాటల దాకా పడతాయి. ఇదిగో, లిస్టుకు 'వంట వెతుకులాటలు' అని పేరు పెట్టాను, సేవ్ చేశాను. కానీ ఇది ఇంకా పని చేయడం లేదు. కింద అప్లై టు క్యాంపెయిన్స్ ఉంది, అది నొక్కి పచ్చళ్ల క్యాంపెయిన్ ఎంచుకున్నాకే పని మొదలవుతుంది. ఎంచుకున్నాను, డన్.