మా ఊరి నీళ్ల లెక్కకు 35 డాలర్లు

నమస్తే అండి. ఒహాయో నుంచి వచ్చి పది రోజులైంది. ఇప్పుడు నల్గొండ జిల్లా మర్రిగూడ దగ్గర మా అమ్మవాళ్లింట్లో ఉన్నాను. ఈ రోజు సకినాలు చేయడం చూపిద్దామనుకున్నాను కానీ, పొద్దున జరిగిన సంగతి మనసులోంచి పోవట్లేదు. అదే చెప్తాను.

మా అక్క కూతురు ప్రైవేట్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తుంది. పిల్లలతో ప్రాజెక్ట్ చేయించాలని మా వైపు నీళ్ల మీద వచ్చిన పరిశోధనలు వెతుకుతోంది. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. "చూడు చిన్నమ్మా, మన మండలం పేరే ఉంది. తెరవాలంటే 35 డాలర్లంట." మన డబ్బుల్లో మూడు వేల దాకా. పైన నాలుగు లైన్లు ఊరికే చదవొచ్చు. ఎక్కువైతే ఎముకల్ని పాడుచేసే ఫ్లోరైడ్ ఏ బోరులో ఎంతుందో చెప్పే పట్టిక మాత్రం లోపల.

పక్కనే అమ్మ గోడ పట్టుకుని లేస్తోంది. తల తిప్పాలంటే మనిషంతా తిరగాలి. మా చిన్నప్పుడు ఫ్లోరైడ్ తగ్గించడానికి బకెట్ నీళ్లలో పటిక, సున్నం కలిపి, మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేట వంచుకుని తాగేవాళ్లం. నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ పద్ధతిని ఎక్కడైనా 'నల్గొండ టెక్నిక్' అనే అంటారు. మా జిల్లా పేరు పెట్టారు, మా నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు, మా వాళ్ల ఎముకలకు ఎక్స్‌రేలు తీశారు. రాసింది చదవడానికి మేమే డబ్బు కట్టాలంటే కడుపు మండింది.

"సై-హబ్‌లో దొరుకుతుంది కదా?" అన్నాను. డబ్బు కడితే గానీ తెరుచుకోని పరిశోధన పేపర్లను ఊరికే ఇవ్వడానికి 2011లో కజకిస్థాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాక్యాన్ మొదలుపెట్టిన సైట్ అది. "ఇప్పుడు తెరుచుకోదు చిన్నమ్మా" అంది. 2020 డిసెంబర్‌లో పరిశోధన జర్నల్స్ ప్రచురించే ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ దాని మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. 2025 ఆగస్టులో కోర్టు దాన్ని బ్లాక్ చేయమంది.

పుస్తకం రాసి దాని మీదే బతికే రచయిత కష్టాన్ని ఊరికే దింపుకోవడం నాకూ నచ్చదు. కానీ జర్నల్‌లో పేపర్ రాసినవాళ్లకు ప్రచురణ సంస్థ డబ్బివ్వదు. దాన్ని సరిచూసే శాస్త్రవేత్తలు కూడా చాలావరకు ఉచితంగానే చేస్తారు. పరిశోధనకు పెట్టేదేమో చాలాసార్లు జనం కట్టిన పన్ను. అందుకే ఈ రెండిటినీ ఒకే గాటన కట్టలేను.

ప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి దాదాపు 13,000 జర్నల్స్ అందుబాటులోకి తెచ్చింది. నిజంగా మంచి పని. అయితే అది మొదలైంది ప్రభుత్వ సంస్థలతోనే. మా పిల్ల చెప్పేది ప్రైవేట్ కాలేజీలో.

చివరికి ఇద్దరం కూర్చుని, పేపర్ రాసినాయనకే మెయిల్ పెట్టాం. రాత్రికల్లా పీడీఎఫ్ పంపించాడు, పాపం. అన్నాలు తింటుంటే పిల్ల ఒక్కో వరుస చదువుతోంది. ఊరి పేరు, బోరు లోతు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములు. తాగే నీళ్లకు హద్దయిన 1.5 దాటిన చోటల్లా ఆగుతోంది.

అమ్మ ముద్ద చేతిలోనే పట్టుకుని అడిగింది. "మన బాయికాడి బోరుది ఉందా బిడ్డా, అండ్ల?"