ఆదివారం పరుగెత్తనన్న మనిషి

శ్రోతలందరికీ నమస్కారం.

ఎరిక్ లిడెల్ పరుగు చూడముచ్చటగా ఏమీ ఉండేది కాదు. తల వెనక్కి వాల్చేసి, నోరు తెరిచి, చేతులు గాలిలో ఇష్టమొచ్చినట్టు ఊపుతూ పరుగెత్తేవాడు. ఏ కోచ్ అయినా తల పట్టుకోవాల్సిందే. ఆ మనిషే 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్లు 47.6 సెకన్లలో ముగించి బంగారు పతకం కొట్టాడు. నిజానికి ఆయనకు పేరు తెచ్చిన పందెం 100 మీటర్లు. దాని హీట్స్, అంటే తొలి వడపోత పరుగులు, ఆదివారం పడ్డాయి. అది దేవుడి రోజు, నేను పరుగెత్తనన్నాడు.

ఈ స్కాట్లండ్ క్రైస్తవుడి గురించి చాలామంది ఇంతవరకే చెబుతారు. నాకు మాత్రం అంతకు ముందు ఏడాది జరిగింది ఇంకా ఇష్టం. ఇంగ్లండ్‌లోని స్టోక్‌లో 440 గజాల పందెం. మొదట్లోనే ఎవరో తగిలి లిడెల్ ట్రాక్ పక్క గడ్డిలో పడ్డాడు. లేచి చూస్తే మిగతావాళ్లు ఇరవై గజాలు ముందున్నారు. అయినా వెంటపడి గెలిచాడు. గీత దాటాక కుప్పకూలిపోయాడు.

ఆ పరుగు తలుచుకుంటే నాకు బైబిల్లోని అపొస్తలుడు పౌలు గుర్తొస్తాడు. ఆయన రోజుల్లో గ్రీసులోని కొరింథు నగరం దగ్గర పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిస్తే ఆకుల కిరీటం పెట్టేవారు, నాలుగు రోజుల్లో వాడిపోయేది. అందుకే అక్కడి క్రైస్తవ సంఘానికి రాసేటప్పుడు విశ్వాస జీవితానికి పౌలుకు పందెం పోలిక దొరికింది. ఫిలిప్పీ నగరపు క్రైస్తవులకు రాస్తూ ఆయనే, నేనింకా సంపూర్ణుణ్ణి కాలేదు, పరుగెడుతూనే ఉన్నాను అంటాడు. పౌలంతటివాడు! సంపూర్ణత అనగానే మనకేమో ఎక్కడ తప్పు చేస్తామో అని టెన్షన్.

లిడెల్ 1925లో మిషనరీగా చైనా వెళ్లాడు. 1943లో జపాన్ సైన్యం ఆయన్ని వైషీన్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ పిల్లలకు పాఠాలు చెప్పేవాడు, ఆటలు ఆడించేవాడు, ఆదివారం తప్ప. ఓ ఆదివారం పెద్దవాళ్లెవరూ లేకుండా పిల్లలు హాకీ ఆడి, కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం రిఫరీగా లిడెలే వచ్చి నిలబడ్డాడు. ఒలింపిక్ పతకం కోసం వదలని పట్టు, పిల్లల కోసం వదిలాడు.

1945 ఫిబ్రవరిలో మెదడులో కణితితో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు. అప్పటికి 43 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందు, చలికాలంలో కాళ్లకు ఏమీ లేకుండా తిరుగుతున్న ఓ కుర్రాడికి తన పరుగు బూట్లు ఇచ్చేశాడు. అరిగిపోయి, తాళ్లతో కట్టి నెట్టుకొస్తున్న బూట్లు.