జింకలు ఊరందరివి, నష్టం ఒక్క రైతుదా?

అందరికీ నమస్తే. ఇయ్యాల మన పాలమూరు దిక్కు జింకల ముచ్చట మాట్లాడుకుందాం. జింకలంటే మనకు అడవో, జూపార్కో గుర్తుకొస్తది గానీ, నారాయణపేట జిల్లాల కృష్ణ, మాగనూరు మండలాల దిక్కు పోతే చేన్లల్లనే మందలు మందలుగ తిరుగుతుంటయి, పోతులు నల్లగ నిగనిగలాడుకుంట, మెలితిరిగిన కొమ్ములతోని, ఆడయి లేత గోధుమ రంగుల, వాటెంబడి పిల్లలు. కృష్ణజింకలు. భీమానది తంగిడి దగ్గర కృష్ణల కలుస్తది కదా, కృష్ణమ్మ తెలంగాణలకు వచ్చేది కూడా ఆడికెల్లే, ఆ ఒడ్డెంబడి ఉన్న బీళ్లు, చేన్లే వీటి ఇల్లు.

ఈ జింకకు దట్టమైన అడవి పడదు. దూరం దాకా కనబడే గడ్డిబీడు కావాలె, ఏదన్న వస్తుంటే ముందే చూసి లగెత్తాలె, వాటి బతుకంత ఆ పరుగు మీదనే ఉంటది. అందుకే అడవికి కంచె వేసి కాపాడినం అనుకుంటే వీటి కాడ కుదరదు, ఇవి బతకాలంటే ఊర్ల మధ్యల, మన చేన్ల మధ్యలనే బతకాలె, అంటే ఊర్లు ఒప్పుకోవాలె. చట్టం ఉంది, 1972 వన్యప్రాణి చట్టంల ఇది మొదటి షెడ్యూల్‌ల ఉంది, పులికి ఎంత రక్షణ ఉందో దీనికీ అంతే. కానీ రాత్రి పన్నెండు గంటలకు లైట్లేసుకుని జీపుల వేటకొచ్చినోన్ని ఆపేది చట్టం పుస్తకం కాదు, చేను కాడ పండుకున్న రైతు, గొర్లు మేపుకునే కురుమాయన, వాళ్లు ఊర్లెకు ఫోన్ చేస్తేనే ఆగుతది.

ఇప్పుడు ఆ రైతు దిక్కు నుంచి చూడండి, అసలు ముచ్చట ఈడనే ఉంది. తొలకరి పడ్డది, పత్తి గింజలు పెట్టిండు, మొలకలు వచ్చినయి, రెండు ఆకులు, మూడు ఆకులు. తెల్లారి పోయి చూస్తే సాళ్లెంబడి జింక గిట్టల గుర్తులు, మొలకల తలలు కొరికేసి ఉంటయి, చిన్న పుల్లలు మాత్రం మిగులుతయి. తల పోయిన మొలక మళ్ల పత్తి చెట్టు అయ్యేది కష్టం, మళ్ల విత్తనం ప్యాకెట్టు కొనాలె, మళ్ల కూలోళ్లను పిలవాలె, అప్పటికి అదును దాటిపోతది. కందికీ, పెసరకూ అంతే. అందుకే చేను చుట్టూ పాత చీరలు కట్టుడు, మంచె మీద పండుకునుడు, డబ్బాలు కొట్టుడు, ఇంత చేసి కూడా ఆ జింక మీద చెయ్యెత్తని రైతులు ఉన్నరు. వాళ్లకు మనం ఊకె దండం పెడితే సరిపోదు. జింక అందరిదీ అన్నప్పుడు అది తిన్న పంట నష్టం ఒక్కరి నెత్తి మీద ఎట్ల వేస్తం?

రాజస్థాన్ల బిష్ణోయిలు అనే మతశాఖ వాళ్ల గురించి చాలామంది వినే ఉంటరు. 1485లో గురు జంభేశ్వరుడు పెట్టిన 29 నియమాలల్ల జీవాలను, పచ్చని చెట్లను కాపాడాలని ఉంటది. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఖేజర్లీ ఊరికి చెట్లు కొట్టనీకి వస్తే అమృతాదేవి అనే ఆమె చెట్టును పట్టుకుని నిలబడ్డది, ఆమెతోని కలిపి 363 మంది ప్రాణాలిచ్చినరు. వాళ్లు ప్రాణమిచ్చిన చెట్టు ఏందో తెలుసా, మన జమ్మి చెట్టే, దసరాకు మనం పూజ చేసేది, తెలంగాణ రాష్ట్ర వృక్షం. ఆ బిష్ణోయి ఊర్లల్ల ఇప్పటికీ కృష్ణజింకలు ఇండ్ల దగ్గర్లనే మేస్తుంటయి. మనకు దగ్గర్ల చూస్తే అనంతపురం దిక్కు వీరాపురం, ఆడ ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతయి, ఊరోళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల లెక్క చూసుకుంటరు. ఇగ మన నల్లమలల చెంచుల సంగతి సరేసరి, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుల పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పగలిగేటోళ్లు వాళ్లే, అడవి కాపలా పనిల కూడా చానామంది చెంచులే ఉన్నరు.

వీళ్లందరి కాడ నాకు కనబడే సంగతి ఒకటే, ఏదీ ఒక్క మనిషి చేసింది కాదు, ఊరంత కూసోని ఒక మాట అనుకున్నది. మన ఊర్లల్ల కూడా గ్రామసభల అనుకోవచ్చు. బంచరాయి భూములు, గుట్టల కింది బీళ్లు ఎవరు పడితే వాళ్లు దున్నుకోకుండ గడ్డి ఉండనిస్తే జింకకు చేను అక్కర కొంత తగ్గుతది, గొర్లకూ మేత దొరుకుతది. ఎండాకాలం ఊరి బయట ఒక తొట్టిల నీళ్లు పోస్తే అవి దూప కోసం ఊర్లెకు వచ్చి కుక్కల పాలు కావు. గోడ లేని బాయిలకు చుట్టూ కంప వేసినా చాలు. కరెంటు తీగలు మాత్రం దయచేసి పెట్టకండి, అడవి పంది కోసం పెట్టిన తీగకు జింక చస్తది, పసరం చస్తది, పొద్దుగాల నీళ్లు పెట్టనీకి పోయిన పక్క చేను రైతు కూడా చస్తడు, ఇట్ల ఎన్ని ఇండ్లు ఆగమైనయో మనం చూస్తనే ఉన్నం.

ఇంకో మాట, గడ్డిల జింకపిల్ల ఒక్కతే కనబడితే తల్లి వదిలేసిందనుకుని ఇంటికి తెస్తుంటరు. వదిలెయ్యలేదు. తల్లే దాన్ని ఆడ దాచి మేతకు పోతది, పాలియ్యనీకి మళ్ల వస్తది, పిల్ల అప్పటిదాకా నేలకు అతుక్కుని చెవులు కూడా కదపకుండ పండుకుంటది. ముట్టుకోకండి, ఫోటోల కోసం దగ్గరికి పోకండి, కుక్కను మాత్రం అటు పోనియ్యకండి. దెబ్బ తగిలి ఉంటేనే ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యండి.

ఇగ పంట పోయిన రైతులకు చెప్పేది, నష్టం కనబడ్డ రోజే గిట్టల గుర్తులతోని సహా ఫోన్ల ఫోటోలు తియ్యండి, తిరిగి దున్నకముందే ఫారెస్టు ఆఫీసుల, వ్యవసాయ అధికారి దగ్గర రాసిచ్చి వాళ్లను చేను కాడికి పిలవండి. పది మంది రైతులు కలిసి ఒక్కటే రోజు పోండి. మీ వెంట సర్పంచును కూడా తీసుకపోండి.