లాన్ మీద మందు కొట్టే ముందు ఒకసారి నేల మీద కూర్చోండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చినందుకు సంతోషంగా ఉంది. నేను వ్యవసాయ శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. వరి, వేరుశనగ, మిరప పొలాల గట్ల మీదే నా ఉద్యోగమంతా గడిచింది. హైదరాబాద్ వచ్చి ఇల్లు కట్టుకున్నాక నాకు మిగిలిన నేల మూడు వందల చదరపు అడుగుల లాన్. పొలంలో నేర్చుకున్నదే ఇక్కడా పనికొచ్చింది కాబట్టి, ఆ మాటలే మీతో చెప్పుకోవాలని వచ్చాను.

మొన్న మన కాలనీలో ఒకావిడ ఫోన్ చేశారు. "సార్, లాన్‌లో అక్కడక్కడా పళ్లెమంత మేర గడ్డి ఎండిపోయింది. ఏ మందు కొట్టాలి?" అని అడిగారు. ఎండిన గడ్డిని గుప్పిట్లో పట్టుకుని పైకి లాగి చూడమ్మా అన్నాను. లాగితే రాలేదు, వేళ్లు గట్టిగానే ఉన్నాయి. అంటే వేరుపురుగు కాదు. మచ్చ అంచున గడ్డి మిగతా దానికంటే ముదురు పచ్చగా ఉందా అని అడిగితే ఉందన్నారు. ఇంట్లో కుక్క ఉందా అంటే, అదీ ఉంది. కుక్క మూత్రంలో యూరియా ఉంటుంది. పడిన చోట మోతాదు ఎక్కువై గడ్డి మాడుతుంది, అంచున సరిపడా అంది ఏపుగా పెరుగుతుంది. వెంటనే ఒక చెంబుడు నీళ్లు పోస్తే అయిపోయేది. ఆవిడ అప్పటికే ఒక తెగులు మందూ, ఒక పురుగు మందూ కొనేశారు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. లాన్ కూడా ఒక పైరు. పైరుకు జబ్బు చేసినప్పుడు కారణం తెలుసుకోకుండా మందు కొట్టకూడదు. కలుపైనా, పురుగైనా, తెగులైనా ముందుగా పట్టుకునేది బలహీనపడిన గడ్డినే.

మన లాన్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ఒకటి బెర్ముడా, అంటే మన గరికే. వినాయక చవితికి దూర్వాయుగ్మం అని పూజకు పెడతామే, అదే. రెండోది నర్సరీ వాళ్లు మెక్సికన్ గ్రాస్, కొరియన్ గ్రాస్ అని అమ్మే సన్నాకు గడ్డి. మిరప రైతుకు గరిక బద్ధశత్రువు. మనం అదే గరికను డబ్బిచ్చి తెచ్చి పెంచుతాం. ఉండకూడని చోట ఉన్నదే కలుపు. అయితే గరికకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మామిడి చెట్టు కింద గరిక వేసి, పలచబడిందని ఎరువు వేసి, ఆ ఖాళీల్లో కలుపు మొలిచిందని మందు కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ లోటు ఎండది. నీడలో గడ్డి మానేసి వేరే మొక్కలు పెట్టుకోవడమే మేలు.

ఇక కలుపులో పెద్దది తుంగ. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడున్న ప్రతి ఇంటి లాన్‌లోనూ ఇది ఉంది. చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది కానీ గడ్డి కాదు. పూకాడను రెండు వేళ్ల మధ్య పెట్టి తిప్పండి, మూడు పలకలు చేతికి తగులుతాయి. లాన్ కోసిన రెండు మూడు రోజులకే గడ్డి కంటే ముందు తల పైకెత్తేది ఇదే. దీని బలమంతా భూమిలో ఉంది. దారానికి గుచ్చిన పూసల్లాగా నల్లటి చిన్న గడ్డలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఆయుర్వేదంలో తుంగముస్తలు అంటారే, అవే. పైన ఆకు పీకితే ఆ దారం తెగుతుంది, అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు మొలకెత్తుతాయి. అందుకే "పీకిన కొద్దీ పెరుగుతోంది" అంటారు. అది నిజమే.

అయినా పీకాల్సిందే, కాకపోతే లెక్క ప్రకారం పీకాలి. మొలక పైకొచ్చిన మూడు నాలుగు వారాలకు అది కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడుతుంది. మనం పదిహేను రోజులకోసారి తప్పకుండా తీస్తూ పోతే కొత్త గడ్డ కట్టే అవకాశం దానికి దొరకదు. పాత గడ్డలోని నిల్వ కూడా మొలక మొలకకూ తరిగిపోతుంది. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు ఖుర్పీ నిలువుగా దించి గడ్డతో సహా తీయండి. ఎక్కువ గడ్డలు పై ఆరు అంగుళాల మట్టిలోనే ఉంటాయి. తీసినవి కంపోస్టు గుంతలో వేయకండి, అక్కడా మొలుస్తాయి. మా ఇంట్లో రెండు వానాకాలాలు పట్టింది. నెలలో పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

తుంగకు ఒక బలహీనత ఉంది. నీడ పడదు. గడ్డి ఒత్తుగా ఉంటే దానికి ఎండ అందదు. ఇక్కడే మన మాలీలు చేసే పని నాకు బాధ కలిగిస్తుంది. మళ్లీ నెల దాకా చూడనక్కర్లేదని గడ్డిని నేల కనిపించేదాకా గొరిగేస్తారు. ఎండ నేరుగా మట్టికి తగులుతుంది, కలుపు గింజలన్నీ ఒక్కసారి లేస్తాయి. ఒక్కో కోతలో ఉన్న ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. వానాకాలంలో వారానికోసారి కోయాల్సి వచ్చినా సరే. మిషన్ బ్లేడు పదును కూడా చూసుకోండి. మొద్దు బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. కొసలు తెల్లబడతాయి, ఆ గాయాల్లోంచే తెగులు లోపలికి పోతుంది.

వయ్యారిభామ, గడ్డిచామంతి, నానబాలు లాంటివి సులువు. పూత రాకముందే పీకేస్తే చాలు. వయ్యారిభామను మాత్రం చేతులకు గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి, కొందరికి దురదలు, దద్దుర్లు వస్తాయి. మన దేశంలో దీన్ని 1950ల మధ్యలో పుణెలో గుర్తించారు. ఇవాళ అది లేని ఖాళీ ప్లాటు లేదు. మీ ప్రహరీ అవతల అది పూస్తుంటే ఇవతల ఎంత పీకినా లాభం లేదు, కాలనీ అంతా కలిసి తీయాలి. ఇంకో మాట. లాన్ వేసేటప్పుడు లారీతో తెప్పించే ఎర్రమట్టిలోనే సగం కలుపు వస్తుంది. మట్టి పరిచాక వెంటనే గడ్డి నాటకండి. రెండుసార్లు నీళ్లు పెట్టి, మొలిచిందల్లా తీసేసి, అప్పుడు నాటండి. నెల ఆలస్యమైనా ఏళ్ల తరబడి శ్రమ తప్పుతుంది.

కలుపు మందుల సంగతి అడుగుతారని తెలుసు. గ్లైఫోసేట్ గడ్డిని కూడా చంపుతుంది. పైగా దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారానే వాడాలని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2,4-డి అనే ఇంకో కలుపు మందు వెడల్పాకు కలుపును చంపి గడ్డిని వదిలేస్తుంది కానీ దాని గాలి సోకితేనే టమాటా, ద్రాక్ష, పత్తి దెబ్బతింటాయి. ఇది తెలిసి కూడా నేనొకసారి తప్పు చేశాను. 2,4-డి కొట్టిన స్ప్రేయర్‌ను నీళ్లతో కడిగి, అందులోనే వేపనూనె కలిపి కుండీల్లో టమాటాలకు కొట్టాను. నాలుగు రోజుల్లో ఆకులన్నీ మెలితిరిగి తాళ్లలా అయిపోయాయి. అప్పటి నుంచి కలుపు మందుకు స్ప్రేయర్ వేరుగా పెట్టాను. ఏ డబ్బా కొన్నా దాని మీద ఏ పైరుకు, దేనికి వాడాలో రాసి ఉంటుంది. లాన్ పేరు అందులో లేకపోతే అది మన పిల్లలు ఆడుకునే చోట చల్లే మందు కాదు. డబ్బా మీది రంగు త్రికోణం కూడా చూడండి. ఎరుపు అన్నింటికంటే విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

పురుగుల్లో మనల్ని నిజంగా ముంచేది వేరుపురుగు. తొలకరి వానలు పడిన సాయంత్రాల్లో గోధుమరంగు పెంకు పురుగులు భూమిలోంచి లేచి వేపచెట్ల మీద వాలి ఆకు తింటాయి. తర్వాత మట్టిలో దిగి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు వేళ్లు తింటూ పెరుగుతాయి. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి గడ్డి మచ్చలుగా ఎండుతుంది, లాగితే చాపలాగా చుట్టుకుని వచ్చేస్తుంది. గోరువంకలు, కొంగలు ఒకేచోట పొడుస్తుంటే అక్కడ తవ్వి చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోట మూడు అంగుళాల లోతు మట్టి ఎత్తి, వంకర తిరిగిన తెల్ల పురుగులు లెక్కపెట్టండి. ఒకటో రెండో ఉంటే ఏమీ చేయనక్కర్లేదు, బలమైన గడ్డి తట్టుకుంటుంది. అయిదారు దాటితే మెటారైజియం అనే మేలు చేసే శిలీంద్రాన్ని బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి, తడి నేల మీద సాయంత్రం చల్లండి. పచ్చి పేడ మాత్రం వేయొద్దు, అది పెంకు పురుగుల్ని పిలుస్తుంది. ఒకప్పుడు దీనికి ఫోరేట్ గుళికలు చల్లేవాళ్లు. వాటిని 2020 డిసెంబరు 31తో దేశంలో పూర్తిగా నిషేధించారు. ఎవరి షెడ్డులోనైనా పాత ప్యాకెట్ ఉంటే చేత్తో ముట్టుకోకండి, పిల్లలకు అందనివ్వకండి.

వానపాములు చేసే మట్టి కుప్పలు చూసి కొందరు పురుగు మందు చల్లుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అవి మీ నేలను ఉచితంగా దున్నుతున్నాయి. కుప్పలు ఎండాక చీపురుతో చిమ్మితే సరిపోతుంది.

ఇక తెగుళ్లు. వరి రైతును అడగండి, పొడ తెగులు అంటే వెంటనే చెబుతాడు. దాన్ని తెచ్చే రైజోక్టోనియా అనే శిలీంద్రమే లాన్‌లో గుండ్రటి గోధుమరంగు మచ్చలు తెస్తుంది. వరిలో ఎప్పుడొస్తుంది? యూరియా ఎక్కువైనప్పుడు, పైరు గుబురుగా ఉండి గాలి ఆడనప్పుడు, ఆకు రాత్రంతా తడిగా ఉన్నప్పుడు. ఇక్కడా అంతే. మనం ఆఫీసు నుంచి వచ్చి రాత్రి ఎనిమిదింటికి పైపు పడతాం. ఆ తడి తెల్లవార్లూ ఆకు మీదే ఉంటుంది. తెల్లవారుజామున పెడితే ఎండ రాగానే ఆకు ఆరిపోతుంది. రోజూ కొంచెం కొంచెం చల్లే బదులు, వేలు దించి చూసి, నేల ఆరాకే లోతుగా తడపండి. మచ్చ కనిపిస్తే యూరియా ఆపండి, ఎండుగడ్డిని దంతెతో లాగి తీయండి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రాన్ని వేపపిండి, వర్మీ కంపోస్టుతో కలిపి చల్లండి. చాలాసార్లు ఇంతటితోనే ఆగుతుంది.

వానలకు పుట్టగొడుగులు వలయంగా లేస్తే మందు వెతక్కండి. ఇల్లు కట్టినప్పటి సెంట్రింగ్ చెక్క ముక్కలు కింద కుళ్లుతున్నాయేమో తవ్వి చూడండి. ఆ పుట్టగొడుగులు తినకూడదు, చిన్నపిల్లలున్న ఇంట్లో కనబడిన వెంటనే తీసేయండి.

బోరు నీళ్లు పెట్టే ఇళ్లలో లేత ఆకులు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులు కాదు, ఇనుము లోపం. వేరుశనగకు చేసినట్టే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయండి. పక్కన టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు, జాగ్రత్త.

చెప్పాల్సింది చెప్పాను. ఆ మూలన బకెట్‌లో మా లాన్‌లోంచి తవ్విన తుంగ, మట్టితో సహా తెచ్చి పెట్టాను. ఖుర్పీలు నాలుగున్నాయి. పార్కు గడ్డిలో కూడా తుంగ కావలసినంత ఉంది. కాఫీ వచ్చేలోగా రండి, గడ్డ తెగకుండా ఎలా తీయాలో మీ చేతులతోనే తీయిస్తాను.