క్లోన్ నుంచి మొదటి స్క్రీన్ దాకా

అందరికీ నమస్కారం.

కొత్త ప్రాడక్టు మొదలుపెట్టే టీములు మొదటి వారమే ఫీచర్ల మీద పడతాయి. కోడ్‌ని డెవలపర్ మెషీన్ మీద నడిపించే సెటప్ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకుంటాయి. టీములోకి నాలుగో మనిషి వచ్చిన రోజున, సెటప్ అంతా ఒక్కరి బుర్రలోనే ఉందని తేలుతుంది. ఆ ఒక్కరూ చేతిలో పని ఆపి పక్కన కూర్చోవాలి. ఇద్దరికీ రోజు పోతుంది.

నేను కోరేది ఒకటే. రెపోను, అంటే ప్రాజెక్టు కోడ్ మొత్తాన్ని, తమ మెషీన్‌లోకి క్లోన్ (కాపీ) చేసుకున్నవాళ్లు ఒక్క కమాండు కొడితే బ్రౌజర్‌లో యాప్ తెరుచుకోవాలి, లాగిన్ అయి చూడటానికి నమూనా డేటా ఉండాలి. రీడ్‌మీ ఫైలులో సెటప్ పనులన్నీ వరసగా రాసిపెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. రీడ్‌మీ పాతబడినా ఎవరికీ తెలియదు. ఆ ఒక్క కమాండు వెనక రోజూ నడిచే స్క్రిప్టు పాతబడితే ఆ రోజే ఫెయిలవుతుంది.

ఆ స్క్రిప్టు టూల్స్ వెర్షన్లు చూసుకుంటుంది, లైబ్రరీలు దించుతుంది, డేటాబేస్ లేపుతుంది, మైగ్రేషన్లు (డేటాబేస్ టేబుళ్లను తయారుచేసే, మార్చే స్క్రిప్టులు) నడిపి నమూనా డేటా నింపుతుంది. సగంలో ఆగినా మళ్లీ మొదటి నుంచి నడపగలగాలి, అప్పటికే ఉన్నదాన్ని పాడుచేయకూడదు. నోడ్ వాడేవాళ్లు ఇందులో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ పెట్టండి. మొదటిది లాక్ ఫైలును, అంటే లైబ్రరీల కచ్చితమైన వెర్షన్లు రాసి ఉండే ఫైలును, మార్చే అవకాశం ఉంది. రెండోది లాక్ ఫైలులో ఉన్న వెర్షన్లనే దించుతుంది, మనకు కావలసిన లైబ్రరీలు రాసుకునే ప్యాకేజ్ జేసన్‌తో తేడా వస్తే ఆగిపోతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది డేటాబేస్ దగ్గర. యాప్‌ని, డేటాబేస్‌ని విడివిడి కంటెయినర్లలో కలిపి నడిపే డాకర్ కంపోజ్‌లో, యాప్‌కి డేటాబేస్ ముందు కావాలని చెప్పే డిపెండ్స్ ఆన్ ఊరికే రాస్తే, అది డేటాబేస్ కంటెయినర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, లోపల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సిద్ధమయ్యేదాకా కాదు. మొదటిసారి పోస్ట్‌గ్రెస్ తన డేటా డైరెక్టరీ తయారు చేసుకుంటుండగానే యాప్ వెళ్లి తలుపు తడుతుంది, కనెక్షన్ రిఫ్యూజ్డ్ అని పడిపోతుంది. రెండోసారి నడిపితే పనిచేస్తుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పోస్ట్‌గ్రెస్ సిద్ధమా అని అడిగే పీజీ ఈజ్ రెడీ కమాండుతో హెల్త్‌చెక్ పెట్టి, డిపెండ్స్ ఆన్‌కి కండిషన్‌గా సర్వీస్ హెల్దీ ఇవ్వండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. పోస్ట్‌గ్రెస్ అధికారిక డాకర్ ఇమేజ్ (కంటెయినర్‌కి మూస) మొదటిసారి లేచేటప్పుడు ఇనిట్ స్క్రిప్టుల కోసం ఒక తాత్కాలిక సర్వర్ నడుపుతుంది. అది నెట్‌వర్క్ పోర్టు మీద కాకుండా, కంటెయినర్ లోపలి యూనిక్స్ సాకెట్ మీదే వింటుంది. హోస్ట్ చెప్పకుండా పీజీ ఈజ్ రెడీ నడిపితే ఆ తాత్కాలిక సర్వర్‌ని చూసి సిద్ధమని చెప్పేస్తుంది. అందుకని హోస్ట్‌గా 127.0.0.1 ఇవ్వండి.

పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే పోర్టు 5432 కూడా అంతే. ల్యాప్‌టాప్‌లో ముందే పోస్ట్‌గ్రెస్ ఉంటే, కొన్ని మెషీన్లలో ఏ ఎర్రరూ లేకుండా యాప్ వెళ్లి ఆ పాతదానికి కనెక్ట్ అవుతుంది. రోల్ (డేటాబేస్ యూజర్) లేదనో పాస్‌వర్డ్ తప్పనో వచ్చే ఎర్రర్ చూసి మనిషి ఒక పూటంతా పాస్‌వర్డులు మారుస్తూ కూర్చుంటాడు. బయటి పోర్టు 5433 పెడితే ఆ గొడవ చాలావరకు పోతుంది. ఇమేజ్ ట్యాగ్ లేటెస్ట్ అని వదలకండి. మేజర్ వెర్షన్ మారితే పాత డేటా దాచి ఉన్న వాల్యూమ్‌తో పోస్ట్‌గ్రెస్ లేవదు.

విండోస్ వాడేవాళ్లకు లైన్ చివర్లు అడ్డం పడతాయి. గిట్ వాటిని విండోస్ పద్ధతి అయిన సీఆర్‌ఎల్‌ఎఫ్‌గా మార్చిందంటే, షెల్ స్క్రిప్టు కళ్లెదురుగా ఉన్నా లినక్స్ కంటెయినర్ అలాంటి ఫైలే లేదంటుంది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలులో షెల్ స్క్రిప్టులకు లినక్స్ పద్ధతి అయిన ఎల్‌ఎఫ్ ఖాయం చేయండి. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2లో రెపోను సీ డ్రైవ్‌లో కాకుండా లినక్స్ హోమ్‌లో పెట్టుకోమని స్క్రిప్టే చెప్పాలి, లేకపోతే ఫైళ్లు చదవడం చాలా నెమ్మదిస్తుంది.

మన దేశంలో ఓటీపీ లాగిన్ పెట్టేవాళ్లకు ఇంకో పని ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం, ఓటీపీ ఎస్‌ఎంఎస్‌లు పంపే సంస్థ, హెడర్ (పంపినవారిగా కనపడే పేరు), మెసేజ్ టెంప్లేట్ అన్నీ టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ ఆమోదాల కోసం డెవలపర్ ఎదురుచూడకూడదు. లోకల్‌లో ఓటీపీ లాగ్‌లో కనపడేలా చేయండి. కానీ ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన యూజర్లు వాడే చోట, ఆ సెట్టింగు ఉంటే యాప్ అసలు లేవకూడదు, ఈ చెక్ కోడ్‌లోనే ఉండాలి. అలాగే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (యాప్ బయటి నుంచి తీసుకునే సెట్టింగులు) లేకపోతే లేనివన్నీ యాప్ ఒకేసారి చెప్పాలి. ఒకటి నింపితే ఇంకోటి అడిగే యాప్ మనిషిని విసిగిస్తుంది.

ఒకటి గట్టిగా చెబుతాను: మొదటి నెలల్లో ఒకే యాప్, ఒకే డేటాబేస్ చాలు. జాబ్ క్యూ (వెనక చేయాల్సిన పనుల వరస) కోసమే రెడిస్ అనే ఇంకో డేటా స్టోర్ తెచ్చుకోనక్కర్లేదు. 2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి, ఇంకొకరు పట్టుకున్న పనిని దాటేసి తర్వాతిది ఇచ్చే స్కిప్ లాక్డ్ ఉంది, చిన్న క్యూకి అది సరిపోతుంది. ప్రతి కొత్త సర్వీసూ ఇంకో పోర్టు, ఇంకో హెల్త్‌చెక్, ఇంకో పాస్‌వర్డ్.

చివరగా, ఇదే సెటప్ స్క్రిప్టును సీఐలో, అంటే కోడ్‌ని తనంతట తానే పరీక్షించే సర్వర్‌లో, ప్రతి రాత్రీ క్యాష్ లేకుండా, ఖాళీ మెషీన్ మీద నడపండి. ఆ రోజు ఎవరూ కోడ్ ముట్టుకోకపోయినా నడపాలి, ఎందుకంటే బేస్ ఇమేజ్‌లు, సిస్టమ్ ప్యాకేజీలు మన చేతిలో లేకుండానే మారిపోతుంటాయి. హోమ్ పేజీ 200 (అంతా సరే అనే జవాబు) ఇచ్చిందా, నమూనా యూజర్‌తో లాగిన్ అయిందా అని చూడండి. పది నిమిషాలు దాటితే ఫెయిల్ అని పెట్టండి. ఫెయిలైతే పొద్దున్న మొదటి టికెట్ అదే.