ట్రాక్టరు లైసెన్సు, ట్రాలీ బరువు

సభకు నమస్కారం. ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూరు తాలూకాల నుంచి వచ్చిన రైతు సోదరులకు, ట్రాక్టరు యజమానులకు, డ్రైవర్లకు నా వందనాలు.

నాందేడ్ జిల్లాలోని మన ఊళ్లలో సోయా, మిరప, చెరుకు, పత్తి, ఏది పొలం దాటాలన్నా ట్రాలీ ఎక్కవలసిందే. పత్తి అయితే రాష్ట్రం ఎల్ల కూడా దాటి భైంసా మార్కెట్టు దాకా పోతుంది. అందుచేత ఈ పూట రెండు ప్రశ్నలకే నా ప్రసంగాన్ని పరిమితం చేస్తాను. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఏ లైసెన్సుతో నడపవచ్చుననేది మొదటిది. దాని మీద ఎంత బరువు వేయవచ్చుననేది రెండవది. మనవాళ్లు ఈ రెండింటినీ ఒకటిగా కలిపేసుకొని, లైసెన్సు ఉంది కదా అని ఎంత సరుకైనా ఎత్తుతున్నారు. చిక్కంతా అక్కడే మొదలవుతోందని నా నమ్మకం.

లైసెన్సు సంగతి త్వరగానే తేలిపోతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం తేలికపాటి వాహనానికి, అంటే కార్డు మీద ఎల్‌ఎంవీ అని కనిపించే తరగతికి, 7,500 కిలోలను హద్దుగా పెట్టింది. సరుకుల బండి విషయంలో ఆ హద్దును సరుకుతో కలిపిన మొత్తం బరువుకు వర్తింపజేస్తారు. కారు, ట్రాక్టరు, రోడ్డు రోలరు విషయంలో ఖాళీ బరువునే చూస్తారు. మన పొలాల్లో తిరిగే 45, 50 హార్స్‌పవర్ ట్రాక్టరు ఖాళీ బరువు సుమారు రెండు టన్నులే కనుక అది ఈ తరగతిలోనే చేరుతుంది. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు నడిపే లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో చెప్పింది. ఆపైన 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, మొత్తం బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని కూడా ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చునని, దానికి విడిగా ఎండార్స్‌మెంటు, అంటే లైసెన్సులో రవాణా వాహనమని ప్రత్యేకంగా రాయించుకోవడం, అక్కర్లేదని తీర్పు ఇచ్చింది. అంతకు మించిన లారీలు నడపాలంటే ట్రాన్స్‌పోర్టు లైసెన్సు తప్పనిసరి. దానికి 20 ఏళ్లు నిండాలి, ఎల్‌ఎంవీ లైసెన్సు తీసుకొని కనీసం ఏడాది గడవాలి. మన వైపు తరచుగా వినిపించే మరొక సందేహం కూడా ఇక్కడే తీర్చుకుందాం: నిజామాబాద్‌లో తీసుకున్న లైసెన్సు మహారాష్ట్రలోనూ, నాందేడ్‌లో తీసుకున్నది తెలంగాణలోనూ చెల్లుతుంది.

ఇక బరువు. ఇది లైసెన్సు కార్డు మీద ఎక్కడా ఉండదు. చట్టం దృష్టిలో ట్రాలీ కూడా ఒక మోటారు వాహనమే కాబట్టి దానికి సొంత నంబరు, సొంత ఆర్సీ ఉండాలి. ఆ ఆర్సీలో ఖాళీ బరువు ఒకటి, మొత్తం బరువు ఒకటి, రెండు అంకెలుంటాయి. రెండవ దానిలోంచి మొదటిది తీసేస్తే మిగిలినదే మీరు వేయదగిన సరుకు. వెల్డింగు షాపులో చేయించి రిజిస్ట్రేషను లేకుండానే రోడ్డెక్కించిన ట్రాలీకి ఈ హద్దు ఎంతో చెప్పగలవారే ఉండరు. అందుకే అటువంటి ట్రాలీని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను.

కంటి అంచనా ఎంత మోసం చేస్తుందో ఇసుకను చూస్తే తెలుస్తుంది. ఇసుకను మన వైపు బ్రాసులలో కొలుస్తాము. బ్రాసు అంటే 100 ఘనపుటడుగులు. పొడి ఇసుక అయితే ఒక బ్రాసు దాదాపు నాలుగున్నర టన్నులు తూగుతుంది, మంజీర ఒడ్డున తడితడిగా ఎత్తినది ఇంకా ఎక్కువే తూగుతుంది. అదే చోటులో విడి పత్తి నింపితే అర టన్ను రావడం కూడా కష్టం. పత్తికని పక్క పలకల ఎత్తు పెంచిన ట్రాలీలోనే పని కలిసివస్తుందని ఇసుకనూ కంకరనూ అంచుదాకా పోస్తే బరువు హద్దు దాటడం ఖాయం. పట్టుబడితే 194వ సెక్షను కింద 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000 చొప్పున జరిమానా పడుతుంది. అదనపు సరుకు దింపేదాకా బండిని కదలనివ్వరు. కాంటా వేయించడానికి అయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోకే రాదు.

జరిమానా కన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బ్రేకు. మామూలు ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి, మన ట్రాలీలలో చాలా వాటికి బ్రేకులే ఉండవు. రెండు టన్నుల ట్రాక్టరు తనకు రెట్టింపు బరువున్న ట్రాలీని ఒంటరిగా ఆపవలసి వస్తుందన్నమాట. దిగుడులో వెనక బరువు ముందుకు తోసి, హుక్కు దగ్గర బండి మడత పడిపోతుంది. ఎగుడులో ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు. కనుక దిగుడు మొదలవక ముందే చిన్న గేరులోకి మార్చాలి, మధ్యలో క్లచ్ నొక్కకూడదు, న్యూట్రల్ చేయకూడదు. ట్రాక్టరుకు కుడి ఎడమలకు విడివిడిగా రెండు బ్రేకు పెడళ్లుంటాయని మీకు తెలుసు. ఆ రెండింటినీ కలిపే కొక్కేన్ని దుక్కిలో మలుపు తిప్పడానికి విప్పి ఉంటే, దాన్ని రోడ్డెక్కే ముందు మళ్లీ వేయాలి. వేయకుండా ఒక్క పెడలే నొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు గిర్రున తిరుగుతుంది, వెనకనున్న బరువు దాన్ని పడేస్తుంది. పొలం గట్టు మీద ఆగి కొక్కెం వేయడానికి నిమిషం కూడా పట్టదు.

చివరగా కూలీల మాట. ట్రాక్టరుకు ఉన్నది డ్రైవరు సీటు ఒక్కటే. మడ్‌గార్డు మీద, సరుకు మీద ఆడవాళ్లనూ పిల్లలనూ కూర్చోబెట్టి తీసుకుపోతే, జరగరానిది జరిగిన నాడు బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు, నష్టపరిహారమంతా యజమాని నెత్తిన పడవచ్చు. వారికి వేరే బండి ఏర్పాటు చేయండి. అలాగే ఈ కోతలు మొదలయ్యే లోపు ఇంట్లో ఉన్న ట్రాక్టరు పాలసీ కాగితం బయటకు తీసి, అందులో ట్రాలీ నంబరు కూడా ఉందో లేదో చూడండి. లేకపోతే ఏజెంటును అడిగి, ట్రాలీకి ప్రీమియం కట్టి, దాన్ని పాలసీలో చేర్పించండి.