కోరాపుట్ కాఫీ అని బోర్డు ఉంది సరే, గ్లాసులో ఎంతుంది?

నమస్కారం అండి. ఒడిశాలో రాయగడ నుంచి జయపురం దాకా మనవాళ్ల టిఫిన్ సెంటర్లలో ఇప్పుడు ‘కోరాపుట్ కాఫీ’ బోర్డులు కనిపిస్తున్నాయి. సంతోషమే. కోరాపుట్ జిల్లాలో నందపూర్, సిమిలిగుడ వైపు కొండల్లో చెట్ల నీడన పండే అరబికా రకం కాఫీ అది, మన గ్లాసులోకి రావాల్సిందే. మరి ఆ గింజ రుచి నాలుకకి తెలుస్తోందా? అదే చూద్దాం.

ఇదిగో, గాజు గ్లాసులో చల్లటి నీళ్లు. అర చెంచా పొడి పైన చల్లుతున్నాను. కలపకూడదు. కాఫీ పొడి పైనే తేలుతుంది. దగ్గరగా చూడండి, కొన్ని రేణువులు కిందికి దిగుతూ వెనకాల గోధుమరంగు చారలు వదులుతున్నాయి. అది చికోరీ. వేరుని వేయించి కొట్టిన పొడి. రంగు, చిక్కదనం ఇస్తుంది, కెఫీన్ ఉండదు. చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. రాసి అమ్మితే తప్పేం లేదు. కానీ సగానికి సగం చికోరీ పడ్డాక అరబికా వాసన ఎక్కడ మిగులుతుందండీ?

హోటల్ వాళ్ల లెక్క కూడా చూడాలి. ఒక కప్పుకి 10 గ్రాముల పొడి పడుతుంది. కిలో వెయ్యి రూపాయలనుకుంటే పొడికే 10 రూపాయలు. పాలు, పంచదార, గ్యాసు వేరే. 15 రూపాయల కాఫీలో అది గిట్టదు. అందుకని మామూలు కాఫీ మామూలుగానే ఉంచి, చికోరీ లేనిది వేరే ధరకి అమ్మడం మేలు. చోడి (రాగి) దోసె బోర్డులదీ ఇదే తంతు. రంగు కోసం గుప్పెడు చోడిపిండి కలిపి, పేరు మాత్రం పెద్దగా రాస్తున్నారు.

ఇక డికాక్షన్. అసలు పాడయ్యేది ఇక్కడే. ఫిల్టరు పై గిన్నెలో 30 గ్రాముల పొడి వేసి, సమంగా సర్ది, పైన చిల్లుల బిళ్ల ఊరికే ఆనించండి. గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు. 150 మిల్లీలీటర్ల నీళ్లు మరిగించి, దించి అర నిమిషం ఆగండి. ముందు 40 మిల్లీలీటర్లు గుండ్రంగా పోసి ఇంకో అర నిమిషం ఆగండి. తాజా పొడైతే ఉబ్బి బుడగలొస్తాయి. బుడగలే రాకపోతే పొడి పాతబడిందన్నమాట. మిగతా నీళ్లు పోసి మూత పెట్టండి. పొడి తన బరువుకి రెట్టింపు నీళ్లు పట్టుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 90 మిల్లీలీటర్లే. సుమారు 15, 20 నిమిషాల్లో దిగాలి. మూడు నిమిషాల్లోనే దిగిపోతే పొడి బరక, డికాక్షన్ పలచన. గంటైనా దిగకపోతే మరీ మెత్తన.

కప్పుకి 30 మిల్లీలీటర్ల డికాక్షన్, 90 మిల్లీలీటర్ల పాలు. డికాక్షన్‌ని మాత్రం మళ్లీ పొయ్యి మీద పెట్టకండి. పొద్దున తీసింది సన్నమంట మీద పదింటిదాకా ఉంచుతారు చూడండి, సువాసనంతా పోయి చేదు మిగిలేది దానివల్లే. ఆ చేదు కప్పడానికే పంచదార రెండు చెంచాలవుతుంది. వేడిగా ఉండాల్సినవి పాలు. అవి కూడా ఒక్క పొంగుకే దించినవి.

పొడి కొనేటప్పుడు వేయించిన తేదీ అడగండి, ప్యాకింగ్ తేదీ కాదు. లేత వేపుడు పాలల్లో పుల్లగా, పలచగా అనిపిస్తుంది. మన పాల కాఫీకి మధ్యస్థంగా గానీ, ఇంకొంచెం ముదురుగా గానీ వేయించింది బాగుంటుంది. ప్యాకెట్ విప్పాక గాలి దూరని డబ్బాలో పోసి రెండు వారాల్లో వాడేయండి.

అన్నీ సరిగ్గా చేసినా డికాక్షన్ దిగడం లేదంటే ఫిల్టరుని వెలుతురుకి ఎత్తి చూడండి. చిల్లులు మూసుకుపోయి ఉంటాయి. స్టీలుదైతే అడుగుభాగాన్ని మంట మీద ఒక నిమిషం కాల్చి, చల్లారాక సన్న బ్రష్షుతో రుద్ది కడగండి, చిల్లులు తెరుచుకుంటాయి.